పండగ పలకరింపు ఎవరికోసం

ఇజ్రాయెల్‌లో ముసలివాళ్ల ఇళ్లలో ఉండి వాళ్లను చూసుకునే పనికి వచ్చినవాళ్లం అన్నిటికంటే ముందు పలకరింపులు నేర్చుకుంటాం. నిజామాబాద్, జగిత్యాల వైపు నుంచి నాకంటే ముందు వచ్చిన అక్కలు నేను విమానం దిగిన వారంలోనే పాఠం మొదలుపెట్టారు. పొద్దున్నే బోకెర్ తోవ్ అను, శుక్రవారం షబ్బాత్ షలోమ్ అను, శనివారం చుక్కలు పొడిచాక షవువా తోవ్ అను, పండగైతే హగ్ సమేయహ్ అను, మిగతా భాష అదే వస్తుంది అన్నారు. నేను వాళ్లు చెప్పినదానికంటే ఎక్కువే నేర్చుకున్నాను. ఏ పండగకు ఏ మాట, ఆ మాటకు బదులేమిటి, ఏ పూట నుంచి ఏ పూట దాకా అనాలి, అన్నీ కంఠతా పట్టాను. ఇప్పుడు ఇంటికి తిరిగొచ్చి, తీరిగ్గా కూర్చుని ఆలోచిస్తుంటే, అంత శ్రద్ధ ఎందుకు పెట్టానా అని నన్ను నేను అడగాలనిపిస్తోంది. ఆ ఇంటి పెద్దావిడ మీద గౌరవంతో అని చాలాకాలం అనుకున్నాను. అది కొంతవరకే నిజం.

ఆమెను నేను సవ్తా అని పిలిచేదాన్ని. వాళ్ల భాషలో అమ్మమ్మకూ నాయనమ్మకూ ఒకటే మాట. రుమేనియాలో పుట్టి, చిన్నప్పుడే ఓడెక్కి వచ్చిన మనిషి. మరీ నిష్ఠాపరురాలు కాదు గానీ శుక్రవారం దీపాలు పెట్టకుండా ఏనాడూ లేదు.

వాళ్ల పంచాంగం నాకు తొందరగానే అర్థమైంది. మనలాగే చంద్రుణ్ణి బట్టి నెలలు, సూర్యుణ్ణి బట్టి ఏడాది. మనకు అధికమాసం వచ్చినట్టు వాళ్లకూ పందొమ్మిదేళ్లలో ఏడుసార్లు అదార్ నెల రెండుసార్లు వస్తుంది. అందుకే చాలా ఏళ్లు వాళ్ల కొత్త సంవత్సరం రోష్ హషానా మన బతుకమ్మ రోజుల్లోనే పడుతుంది. 2025లో సెప్టెంబర్ 21న ఎంగిలిపూల బతుకమ్మ అయితే, 22 సాయంత్రం వాళ్ల పండగ మొదలైంది. అధికమాసాల లెక్క కలవని ఏడు, 2023లోలాగా, నెల తేడా వస్తుంది. రోజు కూడా వాళ్లకు సూర్యాస్తమయంతోనే మొదలవుతుంది. కాబట్టి పండగ మాట ముందురోజు సాయంత్రం నుంచే చెప్పుకోవాలి. పొద్దున లేచి చెబుదామనుకుంటే సగం పండగ అయిపోయినట్టే.

రోష్ హషానా మాటల్లో ఒక సున్నితం ఉంది. ఆ రోజు దేవుడు మనుషుల పేర్లు రాస్తాడనీ, పది రోజులకు యోమ్ కిప్పూర్ నాడు ఆ రాతకు ముద్ర వేస్తాడనీ వాళ్ల నమ్మకం. పండగ ముందు రోజుల్లో, మొదటి రాత్రి, నీకు మంచి రాత, మంచి ముద్ర కలగాలని చెప్పుకుంటారు. ఆ మొదటి రోజు దాటాక మంచి రాత అనే మాట వదిలేస్తారు. మంచివాళ్ల పేర్లు వెంటనే రాసేస్తారట. ఇంకా రాయాలని కోరుకుంటే ఎదుటి మనిషి ఆ మంచివాళ్లలో లేరని అన్నట్టవుతుందని. అప్పటినుంచి గ్మార్ హతిమా తోవా, ముద్ర మంచిగా పడాలి, అంతే. షనా తోవా, మంచి ఏడాది, మాత్రం ఎవరైనా ఎవరితోనైనా అనొచ్చు. బస్సు డ్రైవర్ నుంచి బ్యాంకు గుమాస్తా దాకా అందరూ రెండు వారాల ముందునుంచే అంటుంటారు. ఏ పని అడిగినా అహరేయ్ హహగీమ్, పండగలయ్యాక, అని బదులొచ్చే రోజులు కూడా అవే.

ఈ తేడా తెలిసిన మొదటి ఏడు, భోజనాల బల్ల దగ్గర సవ్తా కూతురి అత్తగారికి నేను సరైన మాట సరైన పూట చెప్పాను. ఆపిల్ ముక్కలు తేనెలో ముంచుకుంటున్న వాళ్లంతా ఆగి నావైపు చూశారు. ఈ అమ్మాయికి అన్నీ తెలుసే అన్నారు. ఆ మాట నాకు ఎంత హాయిగా అనిపించిందో చెప్పలేను. రాత్రి పడుకున్నాక కూడా అదే తలుచుకున్నాను. ఇప్పుడు తరచి చూస్తే తెలుస్తోంది, ఆ రాత్రి నేను తలుచుకున్నది సవ్తాను కాదు, ఆ అత్తగారినీ కాదు. నన్ను చూసిన వాళ్ల చూపులను. ఊళ్లో అప్పులకు జవాబు చెప్పుకోలేక పిల్లల్ని మా అమ్మ దగ్గర వదిలి వచ్చినదాన్ని. ఆ ఇంట్లో నా గది, నా మంచం, నా జీతం అన్నీ ఒక ముసలి ప్రాణాన్ని ఆనుకుని ఉన్నాయి. పరాయిదాన్ని కానని వాళ్లు అనుకోవాలని నాకు ఆకలిగా ఉండేది. పలకరింపు ఆ ఆకలికి దొరికిన దారి. బదులు రాకపోతే, లేదా ముభావంగా వస్తే, రోజంతా నా మనసు బాగుండేది కాదు. మంచి ఏడాది నీకు అని అన్న మాటలో నాకేం వస్తుందా అని ఎదురుచూస్తూ ఉండేదాన్ని.

పెసహ్‌కు ఇది ఇంకా స్పష్టంగా కనిపించేది. ఆ పండగకు ఇంట్లో పులిసే గింజధాన్యపు పిండి అనేది ఎక్కడా ఉండకూడదు. వారం పది రోజులు చేతులు పడిపోయేలా ఇల్లు కడుగుతాం. ఫ్రిజ్ తలుపు రబ్బరు మడతల్లో ఇరుక్కున్న రొట్టె పొడిని దువ్వెన పంటితో తీసేదాన్ని. సోఫా దిండ్ల కింద, కోట్ల జేబుల్లో, టోస్టర్ అడుగున వెతకాలి. గట్టు మీద వెండి కాగితం పరవాలి. ముందురాత్రి కొవ్వొత్తి పట్టుకుని, ఈకతో ఊడుస్తూ ఆఖరిసారి వెతికి, దొరికింది పొద్దున కాల్చేస్తారు. ఇరుగుపొరుగు తలుపు దగ్గర నిలబడి సవ్తాకు పెసహ్ కాషేర్ వెసమేయహ్, శుద్ధంగా సంతోషంగా జరగాలి అని చెప్పి వెళ్లేవాళ్లు. పక్కనే తడిగుడ్డతో నేనుండేదాన్ని. నాతో అనేవాళ్లు తక్కువ. సవ్తా మాత్రం వాళ్లు వెళ్లగానే నా తడిచేయి పట్టుకుని అదే మాట నాకు చెప్పేది. శుద్ధి చేసింది ఎవరో ఆమెకు తెలుసు కనుక. ఆమె ముందు చెయ్యి చూసేది, తర్వాత మాట అనేది. నేను ముందు మాట అనేసి, తర్వాత ముఖాలు చూసేదాన్ని.

మాట రాని రోజులు నన్ను ఎక్కువ ఇబ్బంది పెట్టాయి. ఎండాకాలం నడుమ తిషా బెఆవ్ అని ఒక ఉపవాసం వస్తుంది. యెరూషలేములో వాళ్ల గుడి రెండుసార్లు కూలిన దుఃఖం అది. రెండోసారి రోమన్లు కూల్చింది క్రీ.శ. 70లో. ఆ రోజు వాళ్లు ఒకరినొకరు పలకరించుకోరు. షలోమ్ కూడా అనరు. తెలియనివాళ్లు పలకరిస్తే కించపరచకుండా మెల్లగా, తల వంచి బదులిస్తారు. వసంతంలో యూదుల ఊచకోతను తలుచుకునే రోజున పొద్దున పది గంటలకు దేశమంతా సైరన్ మోగుతుంది. రెండు నిమిషాలు. హైవే మీద కార్లు ఆపి జనం దిగి నిలబడతారు. సవ్తా వాకర్ పట్టుకుని లేచి నిలబడేది. వేళ్ల కణుపులు తెల్లబడేవి. నేను వెనక నిలబడి, ఆమె పడిపోతే పట్టుకోవడానికి చేతులు చాపి ఉంచేదాన్ని, తాకకుండా. ఆ రెండు నిమిషాలూ నాకు ఏదో ఒకటి అనాలని గొంతులోకి వచ్చేది. ఆమె ఊరడిల్లాలనా, నేను ఊరడించానని అనిపించుకోవాలనా? ఈ ప్రశ్నకు నిజాయితీగా జవాబు చెప్పుకోవడానికి నాకు ఏళ్లు పట్టింది.

ఒక ఏడు రోష్ హషానాకు కొద్ది రోజుల ముందు సవ్తా తమ్ముడు పోయాడు. వాళ్లు ఏడు రోజులు ఇంట్లోనే కూర్చుంటారు, షివా అంటారు. అద్దాల మీద నేనే దుప్పట్లు కప్పాను. సోఫా దిండ్లు తీసేశాం. చొక్కా మెడ దగ్గర చింపిన బట్టతోనే ఆమె కూర్చుంది. పక్కింటావిడ ఉడికించిన గుడ్లు, పప్పు తెచ్చిపెట్టింది. మొదటి భోజనం ఇరుగుపొరుగు పెట్టాలి. తలుపుకు గడియ వేయలేదు. వచ్చినవాళ్లు పలకరించకుండా లోపలికి వచ్చి కూర్చున్నారు. దుఃఖంలో ఉన్న మనిషి నోరు విప్పేదాకా వాళ్లు మాట్లాడరు. యోబు దగ్గరికి వచ్చిన స్నేహితులు ఏడు రోజులు నేల మీద కూర్చుని ఒక్కమాటా అనలేదని బైబిల్లో ఉంది కదా, ఆ ఆనవాయితీ. వెళ్లేటప్పుడు మాత్రం దేవుడు నిన్ను ఓదార్చాలి అనే ఒక నిండు వాక్యం చెప్పి లేస్తారు.

మనకు ఇది కొత్తేమీ కాదు. చావింటికి వెళ్లి బాగున్నారా అనం. లేచేటప్పుడు వెళ్లొస్తాం అనం, చెప్పకుండానే లేచి వచ్చేస్తాం. ఏడాది తిరిగేదాకా ఆ ఇంట పండగ చేసుకోరు. ఇదంతా తెలిసి పెరిగినదాన్నే. అయినా పరాయి దేశంలో, పరాయి భాషలో, ఊరుకోవడం నాకు భయంగా ఉండేది. ఊరుకుంటే నాకు భాష రాదనుకుంటారేమో, ప్రేమ లేదనుకుంటారేమో అని. ఆ వారం ఊరుకున్నాను. ఆమె కాళ్లకు నూనె రాస్తూ ఊరుకున్నాను. మధ్యలో ఎప్పుడో ఆమె తనంతట తాను తమ్ముడు చిన్నప్పుడు ఓడలో వాంతులు చేసుకున్న సంగతి చెప్పింది. చాలాసేపు చెప్పింది. నేను ముందే మాట కలిపి ఉంటే ఆ మాటలు వచ్చేవి కావు.

వాళ్ల ధర్మంలో ఇంకో ఏర్పాటు ఉంది. పండగ వస్తే షివా మధ్యలోనే ఆగిపోతుంది. దుఃఖం తీరినా తీరకపోయినా లేవాలి. రోష్ హషానా సాయంత్రం దుప్పట్లు తీసి అద్దాలు తుడిచాను. షనా తోవా అని ఆమెతో అనాలో వద్దో నాకు తెలియలేదు. అనకుండా నిలబడ్డాను. ఆమె దానిమ్మ గింజలు చెంచాతో నా అరచేతిలో పోసి ముందుగా తానే అంది. అప్పుడు నేను అన్నాను.

యోమ్ కిప్పూర్ సంగతి వేరు. మన పత్రికల్లో, మన సాఫ్ట్‌వేర్ పిల్లల గ్రూపుల్లో యోమ్ కిప్పూర్ శుభాకాంక్షలు అని చూస్తుంటాను. అది ఇరవై ఐదు గంటలపాటు అన్నం, నీళ్లు లేకుండా పాపాలు ఒప్పుకునే రోజు. స్నానం లేదు, తోలు చెప్పులు లేవు. ఆ దేశంలో ఆ రోజు విమానాశ్రయం మూస్తారు, టీవీ, రేడియో ఆగిపోతాయి, ఖాళీ రోడ్ల మీద పిల్లలు సైకిళ్లు తొక్కుతారు. హ్యాపీ అనే మాట అక్కడ పొసగదు. గ్మార్ హతిమా తోవా అంటారు. లేదా త్సోమ్ కల్, ఉపవాసం తేలిగ్గా సాగాలి, అంటారు.

ఆ మాట కూడా అందరికీ సరిపోదని సవ్తా దగ్గర చూశాను. చక్కెర జబ్బు వల్ల డాక్టరూ, వాళ్ల మతగురువు రబ్బీ ఇద్దరూ ఉపవాసం వద్దన్నారు. ప్రాణం నిలబెట్టుకోవడం వాళ్లకు ఉపవాసం కంటే పెద్ద విధి. అయినా పూర్తిగా తిన్నట్టు కాకుండా, కాసిని నీళ్లు, ఒక చిన్న ముక్క, మళ్లీ కొన్ని నిమిషాలు ఆగి ఇంకాసిని, అలా కొలిచి ఇచ్చే పద్ధతి ఉంది. దగ్గు మందు సీసాతో వచ్చే ప్లాస్టిక్ మూతలో నీళ్లు పోసి, గడియారం చూసి, మళ్లీ పోసేదాన్ని. ప్రతి గుక్కకూ ఆమె కళ్లు మూసుకునేది. పక్కింటావిడ తలుపు సందులోంచి త్సోమ్ కల్ అని ప్రేమగానే అంది. సవ్తా తల ఊపి ఊరుకుంది. పొరుగావిడ వెళ్లాక మూత నా చేతికిస్తూ, తొంభై ఏళ్లకు దగ్గరపడ్డాను, ఈ ఒక్కరోజు కూడా నా వల్ల కావట్లేదు అంది. ఉపవాసం చేయలేకపోవడమే ఆమెకు ఆ రోజు బాధ. ఆ పూట నా నోట్లో ఉన్న మాటలన్నీ మింగేశాను. మూత కడిగి మళ్లీ నింపాను.

ఆ రోజే మన దసరా. 2024లో అక్టోబర్ 12, 2025లో అక్టోబర్ 2, రెండేళ్లూ యోమ్ కిప్పూర్ పగలు, మన విజయదశమి ఒకే తేదీ. మా ఊళ్లో జమ్మి ఆకు బంగారమని చేతుల్లో పెట్టి, అలాయ్ బలాయ్ అని కౌగిలించుకునే వేళకు నా ఫోను గదిలో దుప్పటి కింద మోగుతుండేది. అక్కడ దీపాల చప్పుడు కూడా వినిపించేంత నిశ్శబ్దం. పిల్లలకు సాయంత్రం దాకా బదులివ్వలేదు. వాళ్లకు ముందే చెప్పి ఉంచాను. అమెరికా ఆఫీసుల్లో పనిచేసే మనవాళ్లు దసరా మిఠాయి డబ్బా తెరిచి బల్లబల్లకూ తిప్పే రోజున, పక్కన కూర్చున్నాయన నీళ్లు కూడా ముట్టకుండా ఉండొచ్చు, లేదా ఆ రోజు రాకనే పోవచ్చు.

ఇక చెప్పడానికి కష్టమైన సంగతి. యోమ్ కిప్పూర్ ముందురోజు వాళ్లు మనుషుల దగ్గర క్షమాపణ అడుగుతారు. మనిషికి చేసిన తప్పును ఆ మనిషి క్షమించేదాకా ఆ రోజు ఏ ప్రార్థనా కడగదని వాళ్ల పాత ధర్మగ్రంథం మిష్నాలో ఉంది. పన్నెండో శతాబ్దపు యూదు పండితుడు మైమొనిడీస్, ఒకసారి క్షమించకపోతే ముగ్గురిని వెంటబెట్టుకుని వెళ్లి మళ్లీ అడగాలనీ, అలా మూడుసార్ల దాకా అడగాలనీ, అడిగించుకునేవాడు కఠినంగా ఉండకూడదనీ రాశాడు. చాలామందికి ఇది ఫోనులో ఒక మెసేజ్‌గా మిగిలింది. సవ్తాకు అలా కాదు.

ఒక ఏడు వేసవిలో ఆ ఇంట్లో ఉంగరం ఒకటి కనిపించలేదు. నేను బజారుకు వెళ్లినప్పుడు ఇంటివాళ్లు నా పెట్టె తెరిచి చూశారు. మడత పెట్టిన చీరలు వేరేగా మడత పెట్టి ఉంటే తెలియదా? వారం తర్వాత ఉంగరం సవ్తా స్వెట్టర్ జేబులో దొరికింది. ఎవరూ ఏమీ అనలేదు. నేనూ అనలేదు. కానీ ఆ రోజు నుంచి నేను ఆమెకు చేసిన పని గుర్తొస్తే ఇప్పటికీ తల ఎత్తలేను. వేళకు మందు ఇచ్చాను, వేళకు స్నానం చేయించాను, జుట్టు దువ్వాను. ప్రతి పొద్దునా బోకెర్ తోవ్ అన్నాను, ప్రతి శుక్రవారం షబ్బాత్ షలోమ్ అన్నాను. ఒక్క మాట తప్పలేదు. ఆ మాటల్లో కావాలనే నేను లేను. ఆమె బదులు చెబితే ముఖం చూడకుండా తిరిగేదాన్ని. చూపు మందగించిన మనిషి, గొంతును బట్టి మనుషుల్ని పోల్చుకునే మనిషి. ఆ ఇంట్లో ఆమెకు రోజంతా వినిపించే గొంతు నాదొక్కటే. దాన్నే ఆమెకు కాకుండా చేశాను. సరైన పలకరింపుతోనే శిక్ష వేశాను.

ఆ ఏడు యోమ్ కిప్పూర్ మొదలయ్యే సాయంత్రం, దీపాలు పెట్టడానికి ముందు, సవ్తా నాతో ఈ ఏడు నిన్ను నొప్పించి ఉంటే క్షమించు అంది. అయ్యో, అంత మాటెందుకు సవ్తా, ఏం లేదు అన్నాను. మనకు నోటి చివర ఉండే మాట అది. పెద్దవాళ్లు క్షమాపణ అడిగితే మనకు కాళ్లూ చేతులూ ఆడవు, తొందరగా ఆపేయాలనిపిస్తుంది. ఆమె ఆగలేదు. పెట్టె సంగతి, అంది. వాళ్లు తెరుస్తుంటే నేను మంచం మీదే ఉన్నాను, వద్దనలేదు, అంది.

అప్పుడు చెప్పాను. బాధపడ్డాను అని చెప్పాను. క్షమించాను అని కూడా చెప్పాను, అది అప్పుడు పూర్తిగా నిజం కాదు, చెప్పాక మెల్లగా నిజమైంది. నా గొంతు సంగతి నేనూ చెప్పి, క్షమించమని అడిగాను. తెలుసు అంది. ఇంకేమీ అనలేదు. అగ్గిపుల్ల గీసి చేతికిచ్చాను, దీపాలు పెట్టింది. ఆ తర్వాత మేమిద్దరం చెప్పుకున్న గ్మార్ హతిమా తోవా నాకు గుర్తుంది. అంతకుముందు ఏళ్లలో చెప్పినవేవీ గుర్తులేవు.

మన దేశపు యూదుల గురించి కూడా అక్కడే విన్నాను. కొంకణం వైపు బెనె ఇజ్రాయెల్ వాళ్లు యోమ్ కిప్పూర్‌ను తలుపులు మూసుకునే పండగ అని మరాఠీలో అనేవారట, తెల్లబట్టలు కట్టుకుని ఇంట్లోనే ఉండిపోయేవారట. బెనె ఎఫ్రాయిం అని తమను తాము చెప్పుకునే తెలుగు కుటుంబాలు గుంటూరు జిల్లా చేబ్రోలు పక్కన కొత్తరెడ్డిపాలెంలో ఉన్నాయి. తెలుగులో మాట్లాడుతూ ఈ పండగలే చేసుకుంటారు. కాబట్టి ఇదంతా ఎక్కడో దూరదేశపు మర్యాద అనుకోనక్కర్లేదు.

కొత్తగా ఈ పనికి వెళ్లే చెల్లెళ్లు మాటలు నేర్పమని ఫోన్ చేస్తుంటారు. నేర్పుతాను. షనా తోవా ఎప్పుడు, హగ్ సమేయహ్ ఎప్పుడు, సుక్కోత్ పండగ నడిమి రోజుల్లో మొఅదీమ్ లెసిమ్హా అంటే ఏం బదులివ్వాలి, అన్నీ రాసి పంపుతాను. అవి తప్పకుండా నేర్చుకోండి, వాళ్లకు సంతోషం కలుగుతుంది. దాంతోపాటు ఒకటి అడుగుతున్నాను. చెప్పే ముందు ఆ మనిషి ఆ రోజు తింటున్నారా లేదా, ఆ ఇంట్లో ఎవరైనా పోయారా, ఆ పండగ వాళ్లు చేసుకుంటున్నారా అని కనుక్కోండి. తెలియకపోతే వాళ్లనే అడగండి, ఎవరూ తప్పు పట్టరు. యోమ్ కిప్పూర్ ముందు ఎవరైనా వచ్చి క్షమించమని అడిగితే మాత్రం, అయ్యో ఏం లేదు అని తోసేయకండి. ఉంటే ఉందని చెప్పండి.